తీతువు జంటకు క్షణం తీరికలేదు

తాండూరు: వేసవి వచ్చిందంటే నాపరాయి గనుల పక్క బీళ్లలోనూ, కాగ్నా ఒడ్డు చెలకల్లోనూ తీతువు పిట్టల అరుపులు మిన్నంటుతాయి. ఈ కూత అపశకునమని పల్లెల్లో ఒక నమ్మకం. నిజానికి అది బిడ్డల కోసం తల్లిదండ్రులు పెట్టే కేక.

తీతువు చెట్టు మీద గూడు కట్టదు. నేలలో చిన్న గుంట చేసి, గులకరాళ్లు, మేక పెంటికలు చేర్చి సాధారణంగా 4 గుడ్లు పెడుతుంది. మార్చి నుంచి ఆగస్టు వరకు దీని ఈడు. సుమారు 4 వారాలు ఆడ, మగ వంతులవారీగా పొదుగుతాయి. ఒకటి గుడ్లపై ఉంటే రెండోది మేతకు పోతుంది, లేదా కాపలా కాస్తుంది.

ఎండ ముదిరితే గుడ్లకు కావలసింది వేడి కాదు, నీడ. అందుకే నీటికి పోయి పొట్ట ఈకలు తడిపి వచ్చి గుడ్లపై వాలతాయి. కుక్కో, మనిషో దగ్గరికి వస్తే లేచి అరుస్తూ దృష్టి మళ్లిస్తాయి. అంతసేపూ గుడ్లు ఎండలో మాడవలసిందే.

చేపలు పట్టే సముద్రపు రీవ పిట్టలు తీతువుకు దూరపు చుట్టాలు. వాటి పిల్లలకు నోటికి అందించాలి గనుక ఒకటి కాపలా ఉంటే ఇంకొకటి వేటకు పోతుంది. తీతువు పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే నడిచి తమ మేత తామే ఏరుకుంటాయి. కనుక పెద్దల కాలమంతా కావలికే సరి.

సముద్రం గుడ్లను తీసుకుపోతే పట్టుబట్టి తిరిగి తెచ్చుకున్న టిట్టిభ పక్షుల కథ పంచతంత్రంలో ఉంది. ఆ టిట్టిభమే మన తీతువు. ఇక్కడ భయం సముద్రంతో కాదు; బండల లారీల చక్రాలతో, తొలకరి దుక్కి చేసే ట్రాక్టర్లతో.

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది ఈ నేలల్లోనే. తీతువు పురుగులను, చెదలను తిని రైతుకు మేలే చేస్తుంది. దుక్కిలో గుడ్లు కనబడితే చుట్టూ రెండడుగుల నేల వదిలి, త్వరగా పక్కకు తప్పుకుంటే చాలు. తక్కిన పని ఆ జంటే చూసుకుంటుంది.