మీకు తెలుసా? కళ్లు చూసి మనసు చదివే పరీక్ష

ముఖమంతా కత్తిరించేసి కళ్లు, కనుబొమల భాగం మాత్రమే చూపిస్తారు. ఆ మనిషి మనసులో ఏముందో చుట్టూ ఉన్న నాలుగు మాటల్లోంచి ఎంచుకోవాలి. కేంబ్రిడ్జ్ మనస్తత్వవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో సవరించిన ఈ పరీక్షలో 36 నలుపు-తెలుపు ఫొటోలుంటాయి.

ఆ తర్వాత బారన్-కోహెన్ బృందం నుంచే, యంత్రాలు, పటాల వంటివాటి లోగుట్టు తెలుసుకోవాలన్న ఆసక్తిని కొలవడానికి 2003లో, సహానుభూతికి 2004లో ప్రశ్నావళులు వచ్చాయి. రెండోదానిలో 60 వాక్యాలున్నా మార్కులు 40 వాక్యాలకే. మిగతా 20, దృష్టి అంతా సహానుభూతి మీదే నిలవకుండా కలిపినవి! గరిష్ఠం 80 మార్కులు. ఇక్కడ మన గురించి మనమే చెప్పుకుంటాం కాబట్టి ఆ అంకెను కొంచెం జాగ్రత్తగానే చూడాలి.

కళ్ల పరీక్ష చూసేది భావాన్ని గుర్తుపట్టే నేర్పునే, ఎదుటివారి బాధకు కరిగే గుణాన్ని కాదు. మార్కులు తగ్గాయని ఎవరినీ దయలేనివారని అనకండి.