చంటిబిడ్డకు పాలు చాలనప్పుడు

పురిటింట మూడవనాడో నాల్గవనాడో వినవచ్చు మాట యొకటి కలదు: “బిడ్డకు పాలు చాలుట లేదు.” బిడ్డ గుక్కపట్టి యేడ్చుచుండును. అమ్మమ్మ యొక మందు చెప్పును. నాయనమ్మ వేరొకటి చెప్పును. బిడ్డ తండ్రి పాలపొడి డబ్బాకై బజారునకు బయలుదేరును. బాలింత మాత్రము తనయందేదో కొరత యున్నదని తలవంచుకొనును. మా మహిళా కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో ఈ చింత తెలుపునవి మెండు. ఆ మాట నిజమగుట కలదు గాని, అంతకంటె తరచుగ అది తొందరపడి పలికిన మాట. అట్లు తొందరపడి పలికినదే వారము తిరుగునప్పటికి నిజమైపోవుట ఇందలి విశేషము. అది యెట్లో తెలియవలెనన్న, పాలు పుట్టు తీరు కొంత తెలియవలెను.

చనుపాలు కుండలో నింపియుంచిన పాలవంటివి కావు. ఏటి యిసుకలో తీసిన చెలమను తలచుకొనుడు. తోడినకొలది ఊరును, తోడుట మానిన ఊట మందగించును. బిడ్డ చన్ను చీకునపుడు ఆ వార్త నరముల వెంట మెదడునకు చేరును. మెదడు క్రింద శనగగింజయంత గ్రంథి యొకటి కలదు. మనవారు దానిని పీయూషగ్రంథి యందురు. పీయూషమనగా అమృతమే కాదు, ఈనిన ఆవు తొలిపాలు అనియు అర్థము. పేరుంచినవారు ఆ యర్థమును తలచిరో లేదో గాని చక్కగా కుదిరినది. ఆ గ్రంథినుండి రెండు రసములు రక్తములో కలియును. ప్రొలాక్టిన్ అనునది పాలను పుట్టించును. ఆక్సిటోసిన్ అనునది పుట్టిన పాలను చనుమొన వైపునకు నెట్టును. ఈ రెండవదానిని 1953లో అమెరికా శాస్త్రజ్ఞుడు విన్సెంట్ డు విగ్నో ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసెను. 1955లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.

పాలు ఇట్లు దిగివచ్చుటకు తెలుగులో మాట యేనాటినుండియో కలదు: చేపు. పాడిగల యింటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. దూడను విడిచిన గాని ఆవు చేపదు. క్రొత్తచేయి పడినను, కుక్క మొరిగినను, పొదుగునిండ పాలుండియు బిగబట్టును. తల్లి విషయమును ఇంచుమించు అట్టిదే. కుట్లనొప్పి, బెదురు, సిగ్గు, పదిమంది చూపులు చేపును కొంతసేపు ఆపగలవు. మంచము ప్రక్క కూర్చుండి “నీకు పాలు లేవు” అని మాటిమాటికి అనుటయు అట్టి బెదురులలో చేరినదే.

ఇంకొక సంగతి కలదు. చన్నులో పాలు నిలిచియున్నకొలది ఆ చన్నులో క్రొత్తపాలు పుట్టుట మందగించును. ఇక డబ్బాపాలు చేయు పని చూడుడు. ఒకపూట సీసాతో త్రాగిన బిడ్డ మూడుగంటలు కదలక నిద్రించును. ఇంటిల్లిపాదియు “చూచితిరా, ఆకలియే!” యందురు. ఆ మూడుగంటలును చన్ను నిండియే యుండును, ఊట తగ్గును. మరునాడు బిడ్డకు నిజముగనే కొంచెము తక్కువ దొరకును, సీసా రెండుపూటలగును. కొన్నాళ్లకు తల్లి చన్నొట్టిపోవును. డబ్బా వచ్చినది పాలు లేనందున కాదు. పాలు పోయినది డబ్బా వచ్చినందున.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. అట్టి కాన్పు తరువాత పాలు పడుట ఒకటి రెండునాళ్లు ఆలస్యమగుట కలదు. డబ్బా ఇంట ప్రవేశించుటకు అదను అదియే. ఆ నాళ్లలో ముర్రుపాలు చెంచాలతో కొలవదగినంతయే వచ్చును. తొలినాటి బిడ్డ పొట్టకు సాధారణముగ అంతయే చాలును. తేనెయు, చక్కెరనీళ్లును నాకించు ఆచారము మానవలెను. తేనె పసికందులకు అపాయము కూడ.

మరి పాలు నిజముగ చాలుట లేదని తెలియుట యెట్లు? ఏడుపు గుర్తు కాదు. సాయంవేళ బిడ్డ గంటకొకసారి రొమ్ము వెదకుటయు, మూడవ వారమున చన్నులు మెత్తబడుటయు, పిండినపుడు నాలుగు చుక్కలే రాలుటయు గుర్తులు కావు. చన్ను చిన్నదగుట అసలే కాదు. చూడవలసినవి మూత్రము, బరువు. అయిదవనాటినుండి రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండ గుడ్డలు తడియవలెను. తొలినాళ్లలో బిడ్డ కొంత బరువు తగ్గుట సహజము. పుట్టినప్పటి బరువులో పదవవంతు తగ్గినచో వైద్యుడు చూడవలెను. రెండువారములలో ఆ బరువు మరల రావలెను. అటుపిమ్మట తొలి మూడునెలలు రోజుకు ఇరువది ముప్పది గ్రాములు పెరుగుట సామాన్యము. తక్కెడ చెప్పినదానిని నమ్ముడు.

తక్కెడయే తక్కువని చెప్పినచో, ముందుగ బిడ్డ నోరు చూడవలెను. చనుమొన మాత్రమే నోటబట్టిన బిడ్డకు పాలు రావు, తల్లికి పుండ్లు పడును. నోరు బాగుగ తెరచినపుడు, మొన చుట్టునున్న నల్లని భాగము చాలవరకు నోటిలోనికి పోవునట్లు, గడ్డము చన్నును తాకునట్లు దగ్గరకు తీసికొనవలెను. క్రింది పెదవి వెలుపలికి విచ్చియుండవలెను, గుటక వినబడవలెను. నా మట్టుకు, ఈ యొక్కటి సరిచేసిన పిమ్మట గాని తక్కినవాని జోలికి పోరాదని తోచును.

పిమ్మట తడవలు. ఇరువదినాలుగు గంటలలో ఎనిమిదినుండి పండ్రెండుసార్లు, రెండు చన్నులును, గడియారము చూడక ఇవ్వవలెను. రాత్రివేళ ప్రొలాక్టిన్ హెచ్చుగ నుండును గనుక రాత్రిపాలు మానరాదు. బాలింత నిద్రపోవలెనని రాత్రి సీసా పట్టు అత్తగారిది మంచి మనసే. ఆ దయను పగలు వంటపని తప్పించుటలో చూపిన మేలు. బిడ్డను గుడ్డలు లేక రొమ్మున పరుండబెట్టుకొనుట చేపునకు సహాయము. త్రాగించిన తరువాత మిగిలిన పాలు చేతితో పిండవలెను: బొటనవ్రేలును చూపుడువ్రేలును మొనకు కొంచెము వెనుకగ నుంచి, ముందు ఎదవైపునకు నొక్కి, పిమ్మట రెండు వ్రేళ్లను దగ్గరకు నొక్కవలెను. మొదట చెంచాడే రావచ్చును. ఆ చెంచాడును మరిగించిన ఉగ్గుగిన్నెతో బిడ్డకే పోయుడు. పెద్దలు దాచిన ఉగ్గుగిన్నె, కడుగుటకు కష్టమైన సీసా కంటె ఎన్నోరెట్లు మేలు. ఇట్లు చేసిన ఫలితము కొన్నినాళ్లలో తెలియును. పూర్తిగ కుదురుకొనుటకు వారమో రెండువారములో పట్టవచ్చును.

వెల్లుల్లి, మెంతులు, గసగసాలు, పిల్లిపీచర, తీరమున పాలసొర్ర చేప అని పాలు పడుటకు తినిపించునవి మనకెన్నియో కలవు. కూరలో వెల్లుల్లియు, చేపయు కడుపునిండ తినుట మంచిదే. కాని పాలు తీయకుండ ఇవి పాలు పెంచునన్న దానికి గట్టి రుజువు లేదు. నాకు కోపము తెప్పించునది పథ్యము: కారప్పొడి అన్నము, కొలిచిన నీళ్లు. తొలి ఆరునెలలు పాలిచ్చు తల్లికి రోజుకు ఆరువందల కేలరీలు అదనముగ కావలెనని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అర్ధాకలి తల్లులును బిడ్డను పోషింపగలరని పోషకాహార శాస్త్రజ్ఞుడు సి. గోపాలన్ పరిశోధనలలో తేలినది. అయితే ఆ వెచ్చము ఆమె శరీరమునుండి పోవునది.

ఏమి చేసినను పాలు చాలని తల్లులును కలరు. కాన్పులో విపరీతముగ రక్తము పోయినవారు, మాయ ముక్క లోపల నిలిచినవారు, థైరాయిడ్ లోపమున్నవారు, చన్నులో పాలగ్రంథులు తగినంత ఎదుగనివారు, రొమ్ముకు శస్త్రచికిత్స జరిగినవారు అట్టివారు. ఈస్ట్రోజెన్ గల గర్భనిరోధక మాత్రలును పాలు తగ్గించగలవు. ఒక్కొక్కప్పుడు బిడ్డ నాలుక క్రింది తీగ బిగువై చీకలేదు. వారిని “ఓపిక పట్టు”మనుట క్రూరము. బిడ్డ పాలకు లేవక మగతగ నున్నను, మూత్రము తగ్గినను, పసుపుపచ్చదనము హెచ్చుచున్నను ఆనాడే వైద్యునకు చూపవలెను. అప్పుడు వైద్యుడు చెప్పిన కొలతలో డబ్బాపాలు ఔషధమే; పట్టుటలో అవమానమేమియు లేదు. 1992 నాటి చట్టము మనదేశమున నిషేధించినది వాని ప్రకటనలను గాని, అవసరమైన బిడ్డకు పట్టుటను కాదు.

అట్లు పట్టునపుడును చెలమ తోడుట మానరాదు. ముందు రెండు చన్నులు, పిమ్మట ఉగ్గుగిన్నెతో పైపాలు, ఆపైన తల్లి పాలు పిండుట, ఇది వరుస. బరువు నిలకడగ పెరుగుచున్నపుడు వైద్యుని సలహాతో పైపాలు కొంచెము కొంచెముగ తగ్గించి, రెండుమూడునాళ్లకొకసారి బిడ్డను తూచవలెను. తూకము ఆగినచో తగ్గించుట ఆపవలెను. కొందరికి పైపాలు పూర్తిగ పోవును. కొందరికి ఒకటి రెండుపూటలు మిగులును. మిగిలినవారును తక్కిన పూటలు చన్నిచ్చుచునే యుండవచ్చును.