గడ్డకట్టే కొండమీద గంటగంటకూ కొలత

అమెరికాకు ఈశాన్య మూలన న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలో వైట్ మౌంటెన్స్ అనే కొండల వరస ఉంది. వాటిలో అన్నిటికన్నా ఎత్తైనది మౌంట్ వాషింగ్టన్. ఎత్తు 1,917 మీటర్లు. మన ఊటీ అంతకంటే మూడు వందల మీటర్లు పైనే ఉంటుంది. అయినా ఈ కొండ కొసన చలికాలం ధ్రువప్రాంతాలను తలపిస్తుంది. అక్కడ 1932 నుంచి ఒక వాతావరణ పరిశీలనా కేంద్రం నడుస్తోంది. పగలనీ రాత్రనీ లేదు, గంటకోసారి లోపలున్నవారిలో ఒకరు తలుపు తోసుకుని బయటికి వెళ్తారు, కొలతలు తీసుకుంటారు, తిరిగొచ్చి రాసుకుంటారు. ఇన్ని యంత్రాలున్న రోజుల్లో ఆ చలిలోకి మనిషే ఎందుకు వెళ్లాలి? దీనికి జవాబు తెలియాలంటే ముందు ఆ కొండ గాలినీ, ఆ కొండ మంచునూ అర్థం చేసుకోవాలి.

గాలి సంగతి మొదట చూద్దాం. ఆ అక్షాంశాల్లో పై గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. మౌంట్ వాషింగ్టన్ ఉన్న వరస ఉత్తర దక్షిణాలుగా, అంటే ఆ గాలికి అడ్డంగా నిలబడి ఉంది. గాలి కొండను ఎక్కి దాటాల్సిందే. ఎక్కేటప్పుడు కింద శిఖరం, పైన తేలిగ్గా కదలని మరో గాలి పొర, ఆ రెంటి మధ్య ఇరుకున పడుతుంది. తోటలో నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో సగం మూస్తే ధార ఎంత దూరం చిమ్ముతుందో మనకు తెలుసు. శిఖరం మీద గాలి వేగం పెరగడానికీ అదే కారణం. దీనికి తోడు కెనడా వైపు నుంచీ, పెద్ద సరస్సుల మీదుగానూ, అట్లాంటిక్ తీరం వెంబడీ వచ్చే తుపానుల దారులు ఈ ప్రాంతానికే వచ్చి కలుస్తాయి. అందువల్ల ఏడాదిలో నూరు రోజులకు పైగా అక్కడ గాలి గంటకు 119 కిలోమీటర్లు దాటుతుంది. అది సముద్రంలో హరికేన్ అని పిలవడానికి సరిపడే వేగం. అలాంటి రోజులు ఎక్కువగా చలికాలంలోనే వస్తాయి.

ఇక మంచు. ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే అక్కడి కష్టమంతా దీనిలోనే ఉంది. శిఖరం ఏడాదిలో ఎక్కువ భాగం మబ్బులోనే మునిగి ఉంటుంది. మబ్బంటే సన్నని నీటి బిందువులు. సున్నా డిగ్రీలకు దిగగానే నీరు గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం. కానీ బిందువు చాలా చిన్నదై, గడ్డకట్టడం మొదలుపెట్టడానికి ఆధారంగా ఏ రేణువూ దొరక్కపోతే, సున్నాకు పది పదిహేను డిగ్రీల కింద కూడా అది నీరుగానే ఉండిపోగలదు. అలాంటి బిందువు గాలిలో కొట్టుకొచ్చి ఇనుప కమ్మీకో, రాతికో, తాడుకో తగిలిన క్షణంలో గడ్డకట్టి అక్కడే అతుక్కుంటుంది. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. దీన్ని రైమ్ అంటారు. ఆకాశం నుంచి రాలే హిమం వేరు, ఇది వేరు.

రైమ్ పెరిగే దిక్కు చాలామంది ఊహకు అందదు. గాలి ఎటు పోతుందో అటు సాగుతుందనుకుంటాం. నిజానికి గాలి ఎటు నుంచి వస్తుందో అటే, గాలికి ఎదురుగా, తెల్లని ఈకల్లా పెరుగుతుంది. బిందువులు వచ్చి తగిలేది ఆ వైపే కదా. కొన్ని గంటల్లో సన్నని స్తంభం కూడా తెల్లటి దుంగలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక మామూలు అనిమోమీటర్‌ను ఊహించుకోండి. నాలుగు చిన్న గిన్నెలు గాలికి గిరగిరా తిరుగుతూ వేగం చెప్పే పరికరం. రైమ్ పట్టగానే దాని బరువు పెరుగుతుంది, తిరగడం మందగిస్తుంది, చివరికి ఆగిపోతుంది. ఆగిపోతే నయమే, పాడైందని తెలుస్తుంది. ఆగకుండా నెమ్మదిగా తిరుగుతూ ఉంటేనే ప్రమాదం. బయట పెనుగాలి వీస్తుంటే అది తక్కువ అంకె చూపిస్తుంది, మనం నమ్ముతాం. తప్పు చెప్పే పరికరం పనిచేయని పరికరం కంటే చెడ్డదని నా అభిప్రాయం.

అందుకే శిఖరం మీద తిరిగే భాగాలు లేని పీటో గొట్టాన్ని వాడతారు. విమానాల వేగం కొలిచేదీ ఇదే. గొట్టం మూతి ఎప్పుడూ గాలికి ఎదురుగా ఉండేలా వెనుక ఒక రెక్క తిప్పుతూ ఉంటుంది. మూతిలోకి దూసుకొచ్చే గాలి కలిగించే ఒత్తిడికీ, చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికీ మధ్య తేడాను బట్టి వేగం లెక్కకడతారు. మంచు పట్టకుండా గొట్టాన్ని కరెంటుతో వేడిచేస్తారు. అయినా గొట్టం నిలబడిన స్తంభానికీ, చుట్టూ ఉన్న కమ్మీలకూ రైమ్ పడుతూనే ఉంటుంది. పరిశీలకులు గునపంలాంటి ఇనుప కడ్డీ పట్టుకుని గోపురం మీదికెక్కి దాన్ని కొట్టి రాలుస్తారు. వాతావరణం బాగోలేని రోజుల్లో ఇది పదేపదే చేయాల్సిన పని.

1934 ఏప్రిల్ 12న జరిగింది చూస్తే ఆ దెబ్బల విలువ తెలుస్తుంది. అప్పుడు కేంద్రం చిన్న చెక్క ఇల్లు. గాలికి ఎగిరిపోకుండా ఇనుప గొలుసులతో దాన్ని రాతికి బిగించారు. సాల్ పాగ్లియూకా, అలెక్స్ మెకెంజీ, వెండెల్ స్టీఫెన్సన్ అనే పరిశీలకులు లోపల ఉన్నారు. వేకువజామున స్టీఫెన్సన్‌కు అనుమానం వచ్చింది. బయటి హోరుకూ పరికరం చూపే అంకెకూ పొంతన లేదు. కర్ర తీసుకుని, ఆ గాలిలో నిచ్చెనెక్కి, అనిమోమీటర్ మీది మంచును కొట్టి దిగాడు. అంకె ఒక్కసారిగా పైకి లేచింది. ఆ మధ్యాహ్నం 1 గంట 21 నిమిషాలకు గంటకు 372 కిలోమీటర్ల వేగంతో ఒక విసురు నమోదైంది. 2014లో విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు గాలి సుమారు 180 కిలోమీటర్లు. ఇది దానికి రెట్టింపు. తర్వాత ఆ పరికరాన్ని పరీక్షించి, కొలత సరైనదేనని తేల్చారు. 1996లో ఒలివియా తుపాను సమయంలో ఆస్ట్రేలియాలోని బారో దీవిలో 408 కిలోమీటర్ల విసురు నమోదయ్యేదాకా ఈ రికార్డును నేల మీది పరికరంతో తీసిన ఏ కొలతా దాటలేదు. బారో దీవిలో కొలిచింది మనిషి లేని యంత్రం. ఆ అంకెను ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించేసరికి 2010 వచ్చింది. మనుషులు దగ్గరుండి కొలిచిన గాలుల్లో మౌంట్ వాషింగ్టన్‌దే ఇప్పటికీ మొదటి స్థానం.

ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి మరీ పాతది. రెండు థర్మామీటర్లను పక్కపక్కన బిగించి, ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుడతారు. పిడి పట్టుకుని గాలిలో గిరగిరా తిప్పుతారు. తడి ఆరేకొద్దీ ఆ థర్మామీటర్ చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే ఎక్కువ ఆరుతుంది, రెంటికీ తేడా పెరుగుతుంది. ఆ తేడా నుంచి గాలిలో తేమ ఎంతో తెలుస్తుంది. చలికాలంలో ఆ తడి గుడ్డ మంచై బిగుసుకుంటుంది, లెక్కను దానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఆరు గంటలకోసారి హిమం పట్టే డబ్బాను మార్చి, లోపలికి తెచ్చి, కరిగించి, ఎన్ని మిల్లీమీటర్ల నీరో కొలుస్తారు. గాలి జోరుకు హిమం డబ్బాలో పడకుండా అడ్డంగా కొట్టుకుపోతుంది కాబట్టి డబ్బా చుట్టూ గాలిని తగ్గించే పలకలు పెడతారు. దూరం ఎంతవరకు కనిపిస్తోందో కళ్లతోనే చూసి రాస్తారు. నిర్మలమైన రోజున రెండు వందల కిలోమీటర్ల అవతలి కొండలు కనిపిస్తాయి. మబ్బు కమ్మితే చాచిన చెయ్యి కూడా కనిపించదు.

2023 ఫిబ్రవరి 4న శిఖరం మీద ఉష్ణోగ్రత మైనస్ 44 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. కేంద్రం మొదలయ్యాక నమోదైన అత్యల్పం, అంటే 1934 జనవరి నాటి రికార్డుతో అది సమానం. అదే చలిగాలి విరుచుకుపడినప్పుడు ‘విండ్ చిల్’ మైనస్ 78 అని వార్తలొచ్చాయి. ఈ రెండో అంకెను చాలామంది అపార్థం చేసుకుంటారు. థర్మామీటర్ మైనస్ 78 చూపలేదు, చూపదు కూడా. మన ఒంటి చుట్టూ ఒంటి వేడితోనే వెచ్చబడిన పలుచని గాలి పొర ఉంటుంది. గాలి దాన్ని క్షణక్షణం ఊడ్చేస్తుంటే శరీరం వేడిని చాలా త్వరగా కోల్పోతుంది. గాలి లేని చోట ఎంత చలి ఉంటే వేడి అంత త్వరగా పోతుందో చెప్పే అంకె విండ్ చిల్. అలాంటి రోజున ముఖం మీద కొంచెం చర్మం బయటికి కనబడినా నిమిషంలో గడ్డకట్టి చచ్చుబడుతుంది. అందుకే బయటికి వెళ్లేముందు ముఖంలో ఏ భాగమూ బయట పడకుండా ముసుగులూ కళ్లద్దాలూ సరిచూసుకుంటారు.

లోపలి జీవితం ప్రశాంతంగానే సాగుతుంది. రెండు బృందాలు వారానికొకటి చొప్పున వంతులు తీసుకుంటాయి, బుధవారం నాడు మారతాయి. చలికాలంలో కారు దారి హిమం కింద ఉంటుంది కాబట్టి గొలుసు పట్టాల మీద నడిచే స్నోక్యాట్ అనే బండిలో 12 కిలోమీటర్లు పైకి వెళ్తారు. గాలి మరీ ఉద్ధృతంగా ఉంటే ఆ బండీ కదలదు, దిగాల్సినవాళ్లు పైనే ఆగిపోతారు. వంట చేయడానికి స్వచ్ఛంద సేవకులు వస్తారు. రాత్రంతా ఒక పరిశీలకుడో పరిశీలకురాలో మేలుకుని ఉంటారు. ఒక పిల్లి కూడా ఉంటుంది. అది అక్కడి పాత ఆనవాయితీ. 2021 నుంచి ఉన్న పిల్లి పేరు నింబస్, అంటే వానమబ్బు.

ఒకే చోట, ఒకే పద్ధతిలో, తొంభై ఏళ్లకు పైగా తీసుకుంటూ వచ్చిన కొలతలు వాతావరణ మార్పును చదివేవారికి ఎంతో అవసరం. నడుమ పదేళ్లు ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ లోటును ఏ యంత్రమూ పూడ్చలేదు. ఈ కొలతల ఆధారంగానే కేంద్రం కొండలెక్కేవారి కోసం రోజూ శిఖరాల వాతావరణ సూచన కూడా విడుదల చేస్తుంది.

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువారికి ఈ కొండ కొన్ని గంటల కారు ప్రయాణం దూరంలో ఉంది. వేసవిలో అక్కడికి వెళ్లేవారికి ఒక మాట. మౌంట్ వాషింగ్టన్ పరిసరాల్లో ఇప్పటిదాకా 150 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎండాకాలంలో పలుచని బట్టలతో ఎక్కి చలికి బలైనవారూ ఉన్నారు. కింద ఎంత ఎండగా ఉన్నా, బయలుదేరే ముందు ఆ పూట శిఖరాల సూచన చదవండి. ఉన్ని బట్టలు, గాలి ఆపే కోటు వెంట తీసుకెళ్లండి. గాలి పెరుగుతోందని సూచనలో ఉంటే ఆ రోజుకు ప్రయాణం మానుకోండి.