ఒక గ్రాము విటమిను ‘డి’

ఎండకు కొదువ లేని మన దేశమున విటమిను ‘డి’ లోపము కానవచ్చుట వింతగా తోచును. దీనికి కారణమేమి? చికిత్సకు అగు వ్యయమెంత?

మన చర్మములో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అను పదార్థము కలదు. ఎండలోని అతినీలలోహిత కిరణములలో 290 నుండి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గలవి సోకినపుడు అది విటమిను ‘డి’గా మారును. ఉదయపు ఏటవాలు ఎండలో ఈ కిరణములు బహు స్వల్పము. కిటికీ అద్దము వీటిని ఆపివేయును. మన నీడ మన ఎత్తుకంటె పొట్టిగా నున్న వేళలోనే ఎండ ఇందుకు బాగుగ ఉపకరించును. విద్యార్థులు పాఠశాల ఆవరణలో కర్ర పాతి ఈ వేళను తామే గుర్తింపవచ్చును. పగలెల్ల ఇంటిలోనో, కార్యాలయములోనో గడుపువారికి ఆ ఎండ దొరకదు.

ఈ విటమిను చాలనిచో ఆహారములోని కాల్షియము ప్రేగులనుండి రక్తములోనికి సరిగా చేరదు. పిల్లలకు కాళ్లు వంకరపోవు రికెట్స్ వ్యాధి, పెద్దలకు ఎముకల నొప్పి, కండరముల నీరసము కలుగును. 1919లో బెర్లిన్ నగరమున హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు రికెట్స్ గల పిల్లలకు అతినీలలోహిత దీపపు కాంతితో నయము చేసెను. నేడు గొఱ్ఱె ఉన్ని జిడ్డునుండి తీసిన కొలెస్టరాల్‌ను మార్చి, దానిపై అట్టి కిరణములనే ప్రసరింపజేసి, కర్మాగారములలో ఈ విటమినును తయారు చేయుచున్నారు.

ఇక లెక్క చూతము. 40 యూనిట్లు 1 మైక్రోగ్రాముతో సమానము. లోపము గల పెద్దలకు మన వైద్యులు తరచుగా వారమునకు ఒకసారి 60,000 యూనిట్ల చొప్పున 8 వారములు వ్రాయుదురు. ఒక మోతాదు 1.5 మిల్లీగ్రాములు, మొత్తము 12 మిల్లీగ్రాములు. అనగా ఒక గ్రాము 83 మందికి సరిపోవును!

ఇంత స్వల్పమైన మందుకు అధిక ధర ఏల చెల్లించవలెను? పెట్టెపై పెద్ద అక్షరములలో నుండునది కంపెనీ పెట్టిన పేరు. ‘కొలికాల్సిఫెరాల్’ అనునదే మందు పేరు. ఆ పేరును, యూనిట్ల సంఖ్యను చూచి ధరలు పోల్చవలెను. ప్రభుత్వ జన ఔషధి దుకాణములలో ఇది తక్కువ ధరకు లభించును. 2022 నాటి జాతీయ అత్యవసర ఔషధముల జాబితాలో ఇది చేరియున్నది. అట్టి మందులకు ప్రభుత్వము గరిష్ఠ ధర నిర్ణయించును. ఆహారపూరకములుగా అమ్మువాటికి ఈ కట్టడి లేదు.

చౌక యని వైద్యుని అడుగక వాడరాదు. వారమునకు ఒకటిగా వ్రాసిన మోతాదును దినమున కొకటిగా మ్రింగినచో రక్తములో కాల్షియము మితిమీరి వాంతులు కలుగవచ్చును, మూత్రపిండములు చెడిపోవచ్చును. మందు పేరు, మోతాదు, వేళ — ఈ మూడును చీటీలో చదువ నేర్చిన విద్యార్థి తన ఇంటివారికి డబ్బును, ఆరోగ్యమును కూడ కాపాడగలడు.