తక్కెడ ఉపాయంతో వేడిని కొలిచే చిప్పు

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పొలంలో మోటారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. వెళ్లి చూస్తే స్టార్టరులో రిలే ట్రిప్ అయి ఉంటుంది. మళ్లీ నొక్కితే కాసేపు తిరిగి, తిరిగి ఆగిపోతుంది. పైరు ఎండుతోందన్న ఆత్రంలో స్టార్టరుకు పుల్ల దోపి నడిపించే రైతులు ఎందరో. నాలుగు రోజులకు మోటారు కాలుతుంది. రివైండింగుకు వేలు పొయ్యాలి.

తప్పంతా రైతుదే అనడానికి లేదు. రిలేలో రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. కరెంటు మితిమీరితే అది వేడెక్కి వంగి మోటారును ఆపుతుంది. ఎండకు కాగిన రేకు డబ్బాలో ఉంటే బయటి వేడికి కూడా కొంత వంగుతుంది. సాధారణ రకం రిలేకు కరెంటు వేడి ఏదో, ఎండ వేడి ఏదో తెలియదు. ఉత్తపుణ్యానికి రెండుసార్లు ఆపిన పరికరాన్ని మూడోసారి రైతు నమ్మడు. నిజమైన ముప్పు ఆ మూడోసారే వస్తుంది.

వేడిని, కరెంటును తప్పు లేకుండా కొలవడం ఇంత ముఖ్యం. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి ఈ పని మీదే ఉన్న శాస్త్రవేత్త కోఫి మకిన్వా. ఆయన నైజీరియాలో ఇంజినీరింగు చదివారు. మిఖీల్ పెర్టైస్, యోహాన్ హైసింగ్‌లతో కలిసి 2005లో ఆయన వెల్లడించిన చిప్పు సున్నాకు దిగువ 55 డిగ్రీల చలి నుంచి 125 డిగ్రీల వేడి వరకు కొలుస్తుంది. తేడా వస్తే డిగ్రీలో పదో వంతుకు మించదు.

పళ్లాలు మార్చి తూచినట్టు

చిప్పులోని ట్రాన్సిస్టరు వేడెక్కితే దానిమీద ఉండే వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. కానీ ఏ రెండు ట్రాన్సిస్టర్లూ అచ్చం ఒకేలా తయారు కావు. అందుకని రెండింటిలో వేర్వేరు కరెంట్లు పంపి, వాటి వోల్టేజిల మధ్య తేడా తీసుకుంటారు. ఆ తేడా ఉష్ణోగ్రతతో పాటు సమంగా పెరుగుతుంది. చిక్కేమిటంటే అది డిగ్రీకి ఒక మిల్లీవోల్టులో ఆరేడో వంతు మాత్రమే. కొలిచే సర్క్యూటులో సహజంగా ఉండే లోపం అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక్కడ పనికొచ్చింది సంతలో మనకు తెలిసిన ఉపాయమే. తక్కెడ మీద అనుమానం వస్తే సరుకును, రాయిని పళ్లాలు మార్చి మళ్లీ తూచమంటాం. మొదటిసారి ఎక్కువ చూపింది రెండోసారి తక్కువ చూపుతుంది. రెండింటి సగటు తీస్తే అసలు తూకం బయటపడుతుంది. చిప్పులోనూ భాగాలను అటుదిటు, ఇటుదటు మారుస్తూ అనేకసార్లు కొలిచి సగటు తీస్తారు. లోపం ఉన్నా కొలతలోకి రాకుండా పోతుంది. దాంతో ఒక్క ఉష్ణోగ్రత దగ్గర సరిచూస్తే చాలు, తయారీ ఖర్చు తగ్గుతుంది.

కుంచం, గిద్దె లెక్క

ఇన్నిసార్లు కొలిస్తే కరెంటు ఎక్కువ ఖర్చవదా? పైగా చిప్పు తానే వేడెక్కితే తన జ్వరాన్నే ఊరి జ్వరంగా చెబుతుంది. దీనికీ ఒక దారి ఉంది. ధాన్యపు రాశినంతా గిద్దెతో కొలిస్తే పొద్దుగూకుతుంది. ముందు కుంచంతో కొలిచి, మిగిలినది గిద్దెతో కొలుస్తాం. మకిన్వా బృందం 2013లో వెల్లడించిన చిప్పు అలాగే ముందు ఉజ్జాయింపుగా, తర్వాత సూక్ష్మంగా కొలుస్తుంది. దాని ఖర్చు 5.1 మైక్రోవాట్లు. 9 వాట్ల ఎల్ఇడి బల్బు వాడే విద్యుత్తుతో అలాంటివి 17 లక్షలకు పైగా నడుస్తాయి.

కరెంటు కొలవడానికి చిన్న లోహపు ముక్క గుండా దాన్ని పంపి, అక్కడ పడే వోల్టేజి చూస్తారు. రాగి లాంటి లోహాల నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీలు వేడెక్కితే 10 ఆంపియర్లు 10.8గా కనిపిస్తాయి. రిలేకు వచ్చిన చిక్కే ఇదీ. అందుకే లోహపు ముక్క పక్కనే వేడి కొలిచే చిప్పు పెట్టి లెక్క సరిచేస్తారు. 2016లో ఈ బృందం ఇలా 5 ఆంపియర్ల వరకు 0.3 శాతం తేడాతో కొలిచి చూపింది. ఫోనులో, ఇన్వర్టరులో బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పేందుకు ఇలాంటి కొలతే ఆధారం.

టీకాల మాట చూద్దాం. ఆరోగ్య కేంద్రంలో అవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. హెపటైటిస్-బి, పెంటావాలెంట్ టీకాలు గడ్డకడితే శక్తి పోతుంది. సీసా చూసి ఆ సంగతి చెప్పడం కష్టం. 2015లో దేశంలో మొదలైన 'ఈవిన్' ఏర్పాటులో టీకాల ఫ్రిజ్ ఉష్ణోగ్రతను సెల్ సిగ్నల్ మీద అధికారులకు పంపే సాధనాలు అమర్చారు. కరెంటు పోయిన రాత్రి కూడా అలాంటి సాధనం మేలుకొని ఉండాలి. అందుకే తక్కువ విద్యుత్తుతో సరైన కొలత కావాలి.

అంతవరకు మన పొలం సంగతి మనం చూసుకోవాలి. స్టార్టరు డబ్బాకు నీడ కల్పించాలి. మోటారు పేరు పలకపై ఉన్న ఆంపియర్లకు తగినట్టు రిలేను ఎలక్ట్రీషియన్ చేత సరిచేయించాలి. ఆపై అది ట్రిప్ అయితే పుల్ల వెతకకుండా, వోల్టేజి తగ్గిందా, ఒక ఫేజు పోయిందా అని చూడాలి.