రాసిన నియమం – ఆలోచించే మనిషి

మన నాచారానికి దగ్గర్లోనే ఉన్న ఈసీఐఎల్ పేరు రోజూ సిటీ బస్సుల బోర్డుల మీద చదువుతుంటాం. 1967లో ఏర్పడిన ఈ సంస్థ అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ రూములకు కావలసిన పరికరాలు తయారు చేస్తుంది. ఆ పరికరాల ముందు కూర్చునే ఆపరేటర్ పుస్తకంలో రాసినట్టే చేయాలా, సొంతంగా ఆలోచించాలా? ఈ ప్రశ్న మన చదువుకూ వర్తిస్తుంది.

కంట్రోల్ రూములో ప్రతి ముఖ్యమైన పనికీ రాతపూర్వకమైన పద్ధతి ఉంటుంది. ప్రమాద సమయంలో ఎంతటివాడైనా కంగారు పడతాడు. అనుభవజ్ఞులు ముందుగా తీరిగ్గా ఆలోచించి రాసిన వరుస అప్పుడు చేయి పట్టుకుని నడిపిస్తుంది. 1986లో చెర్నోబిల్‌లో, డిజైన్ లోపాలకు తోడు, ఒక పరీక్ష కోసం కొన్ని రక్షణ ఏర్పాట్లను ఆపేశారు. ఫలితం మనందరికీ తెలిసిందే.

అయితే నియమాన్ని గుడ్డిగా పట్టుకున్నా ప్రమాదమే. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో తెరుచుకున్న ఒక వాల్వు తిరిగి మూసుకోలేదు. రియాక్టర్ నీరు బయటికి పోతున్నా, ప్రెషరైజర్ అనే ట్యాంకులో మాత్రం మట్టం ఎక్కువగా కనిపించింది. ఆ ట్యాంకును పూర్తిగా నిండనివ్వకూడదని శిక్షణలో నేర్పారు. ఆపరేటర్లు ఆ ప్రకారమే అత్యవసర నీటిని తగ్గించారు. రియాక్టర్ లోపలి ఇంధనం దాదాపు సగం కరిగిపోయింది.

ఆ తరువాత పద్ధతులు రాసే తీరే మారింది. అంతకు ముందు, జరిగిన ప్రమాదం ఏదో గుర్తించాకే దానికి తగిన పేజీ తీయాలి. ఇప్పుడు కారణం తెలియకపోయినా ఉష్ణోగ్రత, పీడనం, నీటిమట్టం వంటి లక్షణాలను బట్టి ముందు రియాక్టర్‌ను కాపాడతారు. జబ్బు పేరు తేలకముందే డాక్టరు రోగి ఊపిరి నిలబెట్టినట్టు.

మన దేశంలోనే 1993 మార్చి 31న నరోరాలో టర్బైన్ వద్ద మంటలు లేచి కేబుళ్లు కాలిపోయాయి. కరెంటు పూర్తిగా పోయింది. కంట్రోల్ రూములోకి పొగ రావడంతో సిబ్బంది బయటికి రావలసి వచ్చింది. రియాక్టర్‌ను ఆపేసినా లోపలి వేడి వెంటనే తగ్గదు. అందుకని డీజిల్ పంపులతో మంటలార్పే నీటినే స్టీమ్ జనరేటర్లకు పంపారు. కొందరు టార్చిలైట్లతో పైకెక్కి, బోరాన్ ద్రావణం వాల్వులను చేత్తో తిప్పారు. ఈ ఏర్పాట్లు ముందే ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో, ఎందుకున్నాయో తెలిసినవాళ్లు ఉండబట్టే చీకట్లోనూ పనికొచ్చాయి.

మిత్రులారా! మనలో కొందరు రేపు ఐటీఐ, డిప్లొమా చదివి ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు నిలబడతాం. నియమాన్ని నేర్చుకుందాం, దాని వెనుక కారణాన్నీ అడుగుదాం. తప్పనిపిస్తే చాటుగా దాటేయకుండా పైవారికి చెప్పి, ఆ రాతనే మార్పించుదాం. బట్టీ పట్టిన చదువు పరీక్ష గట్టెక్కిస్తుంది, అర్థమైన చదువు ప్రాణాలు నిలబెడుతుంది.