సీసాలోని ఎంజైము, మెదడులోని ఎంజైము

మా తెలుగు తరగతికి హోసూరు నుంచి వచ్చే ఒక విద్యార్థిని జీవరసాయన శాస్త్రం చదువుతున్నది. ప్రయోగశాలలో ఆమె చేతికిచ్చిన చిన్న సీసా మీద 'రీకాంబినెంట్ హ్యూమన్ టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ - పరిశోధనకు మాత్రమే' అని ఉన్నదట. "మెదడులో డోపమిన్ తయారయ్యేది దీనివల్లే కదా సార్? మా తాతకు పార్కిన్సన్స్ జబ్బు. దీన్నే మందుగా ఎందుకివ్వరు?" అని అడిగింది. నేను భాషాశాస్త్రం వాణ్ణి. ఐనా ఇటువంటి ప్రశ్నకు తెలుగులో తిన్నగా జవాబు చెప్పగలమా అన్నది నా వృత్తికి సంబంధించిన విషయమే.

ముందు ఎంజైము చేసే పని చూద్దాం. మన తిండిలోని మాంసకృత్తుల నుంచి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం లభిస్తుంది. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ దానికి ఒక హైడ్రాక్సిల్ సమూహాన్ని చేర్చి ఎల్-డోపాగా మారుస్తుంది. మరొక ఎంజైము ఎల్-డోపా నుంచి కార్బన్ డయాక్సైడును తొలగిస్తే డోపమిన్ వస్తుంది. ఒక నాడీకణం మరొక నాడీకణానికి కబురు పంపే పదార్థాలలో, అంటే న్యూరోట్రాన్స్‌మిటర్లలో, ఇది ఒకటి. ఈ వరుసలో మొదటి మెట్టే అన్నిటికన్నా నిదానం. చెరువు తూము ఎంత తెరిస్తే కాలువలో అంత నీరు పారినట్లు, ఈ ఎంజైము ఎంత చురుకుగా ఉంటే అంత డోపమిన్. దీన్ని 1964లో అమెరికాలో నగాట్సు, లెవిట్, యుడెన్‌ఫ్రెండ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు గుర్తించారు. పని చేయడానికి దీనికి ఇనుము, ఆక్సిజన్, టెట్రాహైడ్రోబయోటెరిన్ అనే సహాయక పదార్థం కావాలి. తయారైన డోపమిన్ ఎక్కువైతే అదే వచ్చి ఇనుమును పట్టుకొని తూము మూసేస్తుంది. ఎంజైములో 40వ స్థానంలోని సెరిన్‌కు ఫాస్ఫేట్ చేరితే ఆ పట్టు సడలుతుంది.

ఇక 'రీకాంబినెంట్' అనే మాట. మన పాఠ్యపుస్తకాలు దీన్ని 'పునఃసంయోజక' అంటాయి. నాకు ఈ అనువాదం మీద కొంచెం పేచీ ఉన్నది. 'పాచకుడు' అంటే వండేవాడు, వండబడినవాడు కాదు. అట్లాగే 'పునఃసంయోజక ఎంజైము' అంటే దేన్నో మళ్ళీ కలిపే ఎంజైము అనే అర్థం వస్తుంది. ఇక్కడ ఎంజైము దేన్నీ కలపదు. దాన్ని తయారుచేయించడానికి రెండు వేర్వేరు జీవుల డి.ఎన్.ఏ.ను మనుషులు కలిపారు, అంతే. 'పునఃసంయోజిత' అంటే ఈ చిక్కు కొంత తీరుతుంది.

కలపడం ఎట్లాగంటే, మనిషి జన్యువులో ప్రోటీనుకు అక్కరలేని భాగాలు మధ్యమధ్య ఉంటాయి. వాటిని కత్తిరించే యంత్రాంగం బాక్టీరియాకు లేదు. కాబట్టి అవి తీసేసిన ఆర్.ఎన్.ఏ.కు డి.ఎన్.ఏ. ప్రతి తయారుచేసి, ప్లాస్మిడ్ అనే వలయంలో అతికించి, ఇ. కొలై బాక్టీరియాలోకి పంపుతారు. మనిషిలో ఈ ఒక్క జన్యువు నుంచే కత్తిరింపులోని తేడాలవల్ల నాలుగు రూపాలు వస్తాయి. అన్నిటికన్నా చిన్నదానిలో 497 అమైనో ఆమ్లాలు, పెద్దదానిలో 528. ఏ రూపం కావాలో ఎంచుకోవచ్చు. బాక్టీరియా పెరిగాక వాటిని పగలగొట్టి ఎంజైమును శుద్ధిచేస్తారు.

ఇంత శ్రమ ఎందుకు? పూర్వం పశువుల అడ్రినల్ గ్రంథుల నుంచి దీన్ని తీసేవారు. అట్లా తీసినదానికి డోపమిన్ వంటి పదార్థాలు ముందే అంటుకొని ఉండేవి. బాక్టీరియాలో తయారైనదానికి అవి ఉండవు, సెరిన్ మీద ఫాస్ఫేటూ ఉండదు. పరిశోధకులు ఒక్కొక్కటే చేర్చి ఫలితం చూడవచ్చు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. ఈ జన్యువులో లోపంతో పుట్టే పిల్లలు కొందరున్నారు. ఒక కుటుంబంలో 381వ స్థానంలో గ్లుటమిన్‌కు బదులు లైసిన్ ఉన్నట్లు 1995లో ప్రకటించారు. అదే మార్పుతో ప్రయోగశాలలో ఎంజైమును తయారుచేసి చూస్తే, మామూలుదానిలో సుమారు 15 శాతం చురుకుదనమే కనిపించింది. బిడ్డ మెదడును తాకకుండానే రోగకారణం తేలింది.

మరి తాతకు ఎందుకివ్వరు? మింగితే అది అన్ని ప్రోటీనుల లాగే జీర్ణమైపోతుంది. సూదిమందుగా ఇచ్చినా అంత పెద్ద అణువు రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. పైగా అది నాడీకణం లోపల ఉండి పని చేయాలి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలే నశిస్తూ ఉంటాయి. డోపమిన్ కూడా ఆ అడ్డును దాటలేదు. ఎల్-డోపా మాత్రం అమైనో ఆమ్లాల దారిలోనే దాటిపోతుంది. అందుకే మందుగా దాన్నే ఇస్తారు.

ఈ ఎల్-డోపా మనకు కొత్తది కాదు. మన పొలిమేర కంచెల మీద పాకే దూలగొండి గింజలలో ఇది ఉన్నదని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి కనుగొన్నారు. ఐతే గింజ గింజకూ మోతాదు మారుతుంది కాబట్టి వాటిని ఇంట్లో నూరి మాత్రలకు బదులు వాడరాదని ఆ అమ్మాయితో గట్టిగానే చెప్పాను.

తాత వేసుకొనే మాత్రలో కార్బిడోపా కూడా కలిసి ఉన్నది. మెదడు బయటనే ఎల్-డోపా డోపమిన్‌గా మారిపోకుండా అది రెండవ ఎంజైమును ఆపుతుంది. పప్పు, మాంసం దండిగా తిన్న వెంటనే మాత్ర వేసుకొంటే, తిండిలోని అమైనో ఆమ్లాలు అదే దారికి పోటీపడి మందు పని తగ్గవచ్చు. ఆయన రోజూ భోజనమైన వెంటనే వేసుకొంటున్నాడట. ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరునే అడుగుతానన్నది.